బాపు రిలీవర్

కొత్తగా జీతం చేతికొచ్చిన రోజుల్లో మనిషికి లేని సరదాలన్నీ పుట్టుకొస్తాయి. నాకు కొండలెక్కే సరదా పుట్టింది. (అప్పటిదాకా నేనెక్కిన ఎత్తయిన చోటు గోదావరిఖనిలో మా ఇంటి డాబా.) స్నేహితులతో ప్రయాణం ఖాయం కాగానే, వీపుసంచిలో పట్టేటంత తేలికైన పరుపొకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. మా బాపు (నాన్న) బొగ్గుగనిలో పంపు ఖలాసీగా చేసి రిటైరైనవాడు, అంటే లోపల ఊరే నీళ్లను పైకి తోడే పంపు దగ్గర కాపలా. డబ్బా తిరగేసి చూసి, "పంపు ఏదిరా?" అన్నాడు. "పంపు ఉండది బాపు. మూత తిప్పితె గాలి అదే పీల్చుకుంటది" అన్నాను. "పంపు లేనిది ఏ పనైతదిరా? నిన్ను మంచిగ మోసం చేసిండ్రు" అని తేల్చేసి, పక్కింటి మెకానిక్ చాచాను సైకిల్ పంపు తెమ్మని కేకేశాడు.

చాచా వచ్చేలోపే నేను మూత తిప్పాను. అది 'స్స్' అనగానే మా అవ్వ (అమ్మ) "పాము, పాము!" అంటూ మంచమెక్కింది. పరుపు మెల్లగా ఒళ్లు విరుచుకుంటూ లేచింది. పంపు పట్టుకుని గుమ్మంలో నిలబడిన చాచా "అరె, ఖుద్ సాఁస్ లేరా!" అన్నాడు (తనే ఊపిరి తీసుకుంటోంది అని). అందరం నవ్వాం. బాపు నవ్వబోయి దగ్గులో పడ్డాడు. అప్పటికే ఆయనకు దమ్ము ముదిరింది, పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునేవాడు. దగ్గు ఆగాక పరుపు మీద చెయ్యి వేసి, "నాకన్న ఇదే నయం" అన్నాడు. ఆ మాటకు ఎవరికీ నవ్వు రాలేదు.

ఊపిరి పీలిస్తే లోపలి గోళీలు పైకి లేస్తాయని డాక్టరు ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఆయనకు ససేమిరా నచ్చలేదు గానీ, పరుపుతో పందెం మాత్రం భలే నచ్చింది. పొద్దున్నే "సుట్టరా దాన్ని" అనేవాడు. నేను దానిమీద మోకాళ్లేసి గాలంతా పిండి చుట్టి ఇవ్వాలి. మూత తిప్పగానే అదీ పీల్చేది, ఈయనా పీల్చేవాడు, ముందు ఆగినవాళ్లు ఓడినట్టు. రోజూ అదే గెలిచేది. "గట్టి రిలీవర్ దొరికిండురా నాకు" అనేవాడు. (తర్వాతి షిఫ్టుకు మన జాగాలో వచ్చేవాడు రిలీవర్. అతను రానిదే పంపు వదిలి పైకి రాకూడదు. రిలీవర్ రాక బాపు లోపలే ఉండిపోయిన రోజులన్నీ అవ్వ తిట్లలో భద్రంగా ఉన్నాయి.) స్నేహితులు కొండకు నన్ను వదిలేసి పోయారు. మా పరుపు డ్యూటీలో ఉందంటే వాళ్లు నమ్మలేదు.

చివరికి బాపును దవాఖానలో చేర్చాం. మంచం పక్కన నేల మీద అవ్వ పడుకోవడానికి పరుపూ వచ్చింది. ఒక పొద్దున ఆయన ఒక్కో ఊపిరికీ మెడ నరాలు బిగించి పెనుగులాడుతున్నాడు. చూడలేక తలుపు వైపు తిరిగాను. బాపు మాస్కు పక్కకు జరిపి, "రిలీవర్ వచ్చిండా?" అని అడిగాడు. చుట్టి ఉన్న పరుపును ఆయన చెవి దగ్గర పెట్టి మూత తిప్పాను. 'స్స్' అంది. ఎన్నో ఏళ్లుగా ఆయన్ను తిట్టిన అవ్వ, చెయ్యి పట్టుకుని, "వచ్చిండు. ఇగ ఇంటికి పోదాం పా" అంది. బాపు తలూపాడు. పరుపు నిండకముందే ఆయన డ్యూటీ దిగిపోయాడు.

ఇప్పుడు నేను నిజంగానే కొండలెక్కుతున్నాను. గుడారంలో మూత తిప్పి, దాని పక్కన కూర్చుని నేనూ పీలుస్తాను. పాతబడిన పరుపులో స్పాంజి అణిగిపోయింది, సగంలోనే ఆగిపోతోంది. మొన్న మొదటిసారి నేనే గెలిచాను. గెలిచి, ఎవరూ చూడకుండా మిగతా గాలి నోటితో ఊది నింపాను. ఎంతైనా బాపు రిలీవర్, మధ్యలో వదిలేసి ఎట్లా వస్తాను?