ట్రాక్టర్ కంట్రోల్ ఉన్న కారు

2004 మార్చి. విజయవాడ ఆటోనగర్‌లో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. కార్లలో కంప్యూటర్లు అప్పుడప్పుడే మా చేతికి వస్తున్న రోజులు. ఎంత చిక్కు వైరింగైనా విప్పగలనని నాకు కాస్త గీర ఉండేది. దాన్ని దించింది పామర్రు పక్క ఊరి నుంచి వచ్చిన ఓ పాత విదేశీ కారు.

కారు సుబ్బారావు గారిది. ఆయన రైతు. పదేళ్లు తిరిగిన ఆ బండిని భార్య కోసం కొన్నారు. ఆవిడ రాజ్యలక్ష్మి గారు, పక్క ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం ఆరడం లేదని ఇద్దరూ కలిసి తెచ్చారు.

అది ట్రాక్షన్ కంట్రోల్ దీపం. తడి రోడ్డు మీద ఓ చక్రం పట్టు తప్పి గిర్రున తిరిగితే, ఇంజను జోరు తగ్గించి ఆ చక్రానికి బ్రేకు వేసే ఏర్పాటు. పట్టు తప్పిందని కనిపెట్టేది ప్రతి చక్రం దగ్గరా ఉండే వీల్ స్పీడ్ సెన్సర్, అంటే చక్రం వేగం కొలిచే చిన్న ముక్క. దీపం ఆరకుండా ఉందంటే ఆ ఏర్పాటు మూలపడిందన్నమాట.

"మాది కాలవ గట్టు దారండీ," అన్నారు టీచరు గారు. "పోయిన వానాకాలం స్కూటర్‌తో సహా కాలవలో పడ్డాను. ఈతొచ్చు గనక బతికాను. జారదని చెప్తేనే ఈ కారు కొనిపించుకున్నాను. వేసవి సెలవులై మళ్లీ బడి తెరిచేలోగా ఈ దీపం సంగతి తేలకపోతే ఉద్యోగం మానేస్తానండీ. ఇంకోసారి జారడం నా వల్ల కాదు."

చూస్తే, ముందు ఎడమ చక్రం దగ్గర సెన్సర్ వైరు తెగి ఉంది. దాని చుట్టూ ఎండు కాడలు తాడులా పేనుకుని ఉన్నాయి. దారిలో గడ్డి అనుకుని పీకి పారేసి, సెన్సర్ మార్చి పంపాను. వారం తిరక్కుండా బండి వెనక్కొచ్చింది. ఈసారి కుడి చక్రం. మళ్లీ కాడలే. అదీ మార్చాను. మూడోసారి కూడా వచ్చేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పొద్దూ, ఆ దీపం మీద నల్ల టేపు అంటించేస్తే పోలా అన్న పాడు బుద్ధి కూడా పుట్టింది. టీచరు గారి కాలవ గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

ఈసారి కాడల్ని పారేయకుండా అరచేతిలో పెట్టుకుని విప్పి చూశాను. వాటి మధ్య రెండు నల్లటి గింజలు. మినుములు!

"సుబ్బారావు గారూ, ఈ కారుని ఎక్కడ తిప్పుతున్నారండీ?"

"ఎక్కడేంటండీ, మా ఇంటి ముందు రోడ్డు మీదే. మినప కట్టె పరిచి తొక్కిస్తన్నా."

మా వైపు ఇది వింతేమీ కాదు. కోసి ఎండబెట్టిన మినప మొక్కల్ని, అదే మినప కట్టెని, రోడ్డు మీద పరిస్తే వచ్చేపోయే బళ్లు తొక్కి గింజ రాలుస్తాయి. కానీ ఆ పనికి సొంత కారు కట్టిన రైతుని ఆయన్నొక్కరినే చూశాను.

"కారుతోనా!"

"అదేంటండీ, దీనికి ట్రాక్టర్ కంట్రోల్ ఉందిగా! అమ్మినాయన చెప్పాడు, మీరూ రెండుసార్లు చెప్పారు. ట్రాక్టర్ పని చేయించకపోతే ఇంకదెందుకూ?"

టీచరు గారు ఆయన వంక తిరిగారు. "అంటే ఆదివారం నేను మా అమ్మ వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నా కారుకి ఇదా పని?"

"బాగానే రాలాయిలే," అన్నారాయన గింజల వైపు చూస్తూ.

నవ్వీ నవ్వీ నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆ తర్వాత బాధేసింది. తప్పు ఆయనది కాదు. రెండుసార్లూ "ట్రాక్షన్ కంట్రోల్ ఫాల్టండీ" అని గొప్పగా అన్నానే గానీ, అదేమిటో ఒక్క ముక్క విడమరిచి చెప్పలేదు.

ఆ రోజు మూడో సెన్సరూ మార్చి, ఇక కట్టె మీద తిప్పొద్దని చెప్పి, టీ తెప్పించి మొదట్నుంచీ విడమరిచాను. నాలుగు టైర్లూ ఒకే సైజువి ఉండాలి, గాలి సరిగ్గా ఉండాలి, లేకపోతే సెన్సర్ల లెక్క తప్పుతుంది. బురదలో దిగబడితే స్విచ్చి నొక్కి కాసేపు ఆపుకోవచ్చు, బయటపడగానే మళ్లీ వేసుకోవాలి. అది ఉంది కదా అని జోరు పెంచకూడదు. దీపం ఆరకుండా ఉంటే జబ్బు, జారేచోట మినుకుమని ఆరిపోతే పనిచేస్తున్నట్టు. టీచరు గారు అన్నీ కాగితం మీద రాసుకున్నారు.

జూలైలో ఓ వానరోజు పొద్దున్నే షాపుకి ఫోనొచ్చింది.

"దీపం మళ్లీ వెలిగిందండీ!" టీచరు గారి గొంతు.

కంగారుగా అడిగాను: "ఆరిపోయిందా, అలాగే ఉందా అండీ?"

"రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. నేను పడ్డ మలుపులోనే. కారు గట్టు దిగలేదండీ. స్కూలు నుంచే ఫోన్ చేస్తున్నాను."

వెనకాల స్కూలు గంట మోగుతోంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పట్నుంచీ ఏ బండి వచ్చినా, అది తిరిగే దారేమిటో, చేసే పనేమిటో ముందు అడుగుతాను. నేను వాడే ఇంగ్లీషు మాటకి అర్థం తెలుగులో చెప్పి, బండి వాళ్ల చేత తిరిగి చెప్పించుకున్నాకే స్పానర్ పడతాను.