బొమ్మకు స్నానం

ముందు ఆ కూత గురించి చెప్పాలి. మా ఊరి పక్క మెడికల్ కాలేజీలో ఒక గది ఉంది. అందులో మంచం మీద ఒక రబ్బరు బొమ్మ పడుకుని ఉంటుంది. నిలువెత్తు మగమనిషి బొమ్మ. ఊపిరి తీసుకుంటుంది, కనురెప్పలు కొడుతుంది, చెయ్యి పట్టుకుంటే నాడి కూడా ఆడుతుంది. డాక్టరు చదువు ఆఖరికొచ్చిన పిల్లలను ఒక్కొక్కరినే ఆ గదిలోకి పంపుతారు. ప్రాణం మీదికొచ్చిన మనిషిని ఎలా చూస్తారో అద్దం వెనక నుంచి పరీక్ష చేస్తారు. పిల్లలు తప్పు చేస్తే బొమ్మ చచ్చిపోతుంది. అప్పుడు పక్కనున్న మిషన్ ఆగకుండా ఒకటే కూత పెడుతుంది. బొమ్మే కదా అని మీరనుకోవచ్చు. ఒకసారి వచ్చి వినండి, తెలుస్తుంది.

నా పేరు తాతబ్బాయి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసి మానేశాను. ఇంట్లో కూర్చుంటే కోడలి చేత మాటలు పడాలి, ఎందుకొచ్చిన గొడవ అని ఈ పరీక్షల్లో రోగుల్లా, వాళ్ళ చుట్టాల్లా నటించే వేషాలకు ఒప్పుకున్నాను. నాది గుండెపోటు. రొమ్ము పట్టుకుని మూలగడం, అంతే. నాలాగే వచ్చే మరిడమ్మది పురుగుమందు తగిలిన రైతుకు పెళ్ళాం వేషం; ఆ రైతు బొమ్మే. వేషం అని నేనంటున్నాను గానీ, ఆవిడకు అది వేషం కాదు.

ఆవిడది మునగపాక దారిలో ఒక పల్లె. మొగుడు దేముడు చెరకుతోటకు మందు కొడుతూ గట్టు మీద కూలబడిపోయాడు. భుజాన్నున్న డబ్బా కారి చొక్కా వీపంతా తడిసిపోయింది. ఎవరో చొక్కా విప్పి నీళ్ళు పోద్దామన్నారట. మరిడమ్మ అడ్డం పడింది. మా వైపు మనిషిని పడుకోబెట్టి, బట్టలు తీసి, నీళ్ళు పోసేది శవానికే. బతికున్నవాడికి ఆ పని చేస్తే చావును పేరు పెట్టి పిలిచినట్టేనని మా ఆడవాళ్ళ నమ్మకం. అందుకని ఆ తడి చొక్కాతోనే, పైన దుప్పటి కూడా కప్పి, ఆటోలో ఎక్కించారు. ఆసుపత్రి చేరేసరికి అంతా అయిపోయింది.

పల్లెటూళ్ళలో ఇలాంటప్పుడు ఏం చేస్తారో చెప్పమని ఈ బొమ్మగది చూసుకునే శ్రీదేవి మరిడమ్మను అడిగింది. ఆవిడ ఏదీ దాచుకోకుండా తను చేసిందే చెప్పింది. పెద్ద డాక్టర్లకు అది తెగ నచ్చి, ఉన్నదున్నట్టుగా పరీక్షలో పెట్టేశారు. చొక్కా విప్పబోయిన పిల్లలను మరిడమ్మ అడ్డుకోవాలి. వాళ్ళు లొంగిపోతే బొమ్మ చావాలి. విషం చొక్కాలోంచి ఒంట్లోకి దిగుతూనే ఉంటే ఎన్ని సూదులు పొడిస్తే ఏం లాభం? కానీ ఈ కిటుకు వేషాలవాళ్ళకు చెప్పరు, పిల్లలకు పొక్కుతుందని. మరిడమ్మను తన వంతు కాగానే బయటికి ఎందుకు తరిమేస్తున్నావని నేను నిలదీస్తే, అప్పుడు శ్రీదేవి నాకొక్కడికీ చెప్పింది.

“ఆయన రాత అనుకుని ఎలాగో రోజులు లాక్కొస్తోంది మావయ్యా. తన చేతులే అడ్డమయ్యాయని తెలిస్తే ఆవిడ బతకదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అంత జాలి ఉన్నదానివి ఆ వేషం ఎందుకిచ్చావని గట్టిగానే అడిగాను. ఆవిడలా ఇంకెవరూ చేయలేకపోతున్నారట. బాగుంది వరస!

చేయలేరు, నిజమే. బొమ్మ మీద పడి ఆ చొక్కాను గుప్పిట పట్టిందంటే ఎంత మొనగాడైనా వెనక్కి తగ్గాల్సిందే. ఆ తర్వాత పక్క తలుపులోంచి వరండాలోకి వచ్చి, నా పక్కన బెంచీ మీద కూర్చుని, చెవి అటే వేసేది. కాసేపటికి కూత వచ్చేది. ఈ బొమ్మకీ నూకలు చెల్లిపోయాయి మావా అని నిట్టూర్చేది. ఆ నిట్టూర్పులో ఒక నెమ్మది ఉండేది. డాక్టర్లు కూడా ఆపలేని చావు అన్నమాట, తన మొగుడిది. నా భయం వేరు. ఎవరో ఒక పిల్ల ఎప్పుడో ఒకప్పుడు గెలవకపోదు. అప్పుడు కూత రాదు. అప్పుడీ మనిషి గతేం కాను?

ఆఖరి పరీక్షల రోజున మరిడమ్మ వస్తూనే ఒక మాట చెప్పింది. కొడుకు అయ్యప్ప ఇవాళ తోటకు మందు కొడుతున్నాడట, తండ్రి మోసిన డబ్బాతోనే. వాడు అందివచ్చాడని ఆవిడ సంబరం. నేను శ్రీదేవి ముఖం చూశాను. తను కాగితాలు సర్దుకుంటోంది. నా వంతు అయిపోయినా ఇంటికి పోబుద్ధి కాలేదు. వెళ్ళి అద్దం వెనక నిలబడ్డాను.

అప్పుడు లోపలికి వచ్చిన పిల్ల పేరు ఇందు. గొలుగొండ వైపు పిల్ల. మరిడమ్మ ఎప్పటిలాగే బొమ్మ మీద పడిపోయింది. బతికున్నోడికి నీళ్ళోస్తారా అని గోల పెట్టింది. ఈ పిల్ల లాగలేదు, అరవలేదు. ఆవిడ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది.

“పిన్నీ, నేనిప్పను. నువ్వే ఇప్పు,” అంది. “మందు సొక్కాలోంచి ఒంట్లోకి దిగతంది. ఇది ఒంటి మీదున్నంతసేపూ ఏ సూదీ పన్సెయ్యదు. ఈ నీల్లు సావుకి కాదు, బతకడానికి. నీ సేత్తోనే పొయ్యి.”

మరిడమ్మ చేతులు చొక్కా మీదే ఆగిపోయాయి. ఇలాంటి మాట పరీక్షలో ఎవరూ అనలేదు. ఇందు ఆ చేతులకు తొడుగులు వేసింది. మరిడమ్మ గుండీలు విప్పింది. మెడ, చంకలు, వీపు కడిగింది. పిల్ల సూది వేసింది. మిషన్ తడబడింది, తడబడింది, తర్వాత నిదానంగా కొట్టుకోవడం మొదలెట్టింది. బొమ్మ కళ్ళు తెరిచింది. నా పక్కన శ్రీదేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇందు సంతోషంగా బయటికి వెళ్ళిపోయింది, పాపం ఏం తెలుసు ఆ పిల్లకు? మరిడమ్మ తడిచొక్కా పట్టుకుని అక్కడే నిలబడింది. శ్రీదేవి లోపలికి పరుగెత్తితే నేనూ వెనకే వెళ్ళాను.

“ఇది నీకు ముందే తెలుసా తల్లీ?”

నువ్వు తట్టుకోలేవని చెప్పలేదంటూ శ్రీదేవి ఏడ్చేసింది.

“నా సంగతికేటి. నా కొడుకు తోటలో ఉన్నాడు.”

ఫోను చేస్తే అయ్యప్ప ఎత్తలేదు. నా బండి మీద బయల్దేరాం. దారిలో ఆవిడ కొట్టు దగ్గర ఆపించి ప్లాస్టిక్ కవర్లు అడిగి తీసుకుంది. ఎందుకో నాకు అర్థమై, బండి ఇంకా జోరుగా తోలాను.

అయ్యప్ప గట్టు మీద కూలబడి ఉన్నాడు. డబ్బా పక్కన ఒరిగి ఉంది. వీపు తడి, నోటివెంట సొల్లు, కళ్ళవెంట నీళ్ళు. వడదెబ్బ అనుకుని చుట్టూ చేరినవాళ్ళు తువ్వాలుతో విసురుతున్నారు. నేను నూట ఎనిమిదికి ఫోను చేసేలోపే మరిడమ్మ కవర్లు చేతులకు తొడుక్కుని, కొడుకును పక్కకు తిప్పి పడుకోబెట్టి, చొక్కా చింపేసింది. మోటారు దగ్గర నీళ్ళు పట్టి ఇమ్మని నాకు చెప్పింది.

ఆడవాళ్ళు ఒక్కసారిగా వచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నారు. మరిది పెళ్ళాం కాసులమ్మ గుండెలు బాదుకుంది.

“నీకేటి మతి పోయిందా అక్కా? బతికున్నోడికి పడుకోబెట్టి నీల్లోత్తారేటి?”

ఆ బొమ్మగదిలోంచి నేనెన్నిసార్లు విన్న మాట అది! అప్పుడు అన్నది మరిడమ్మ, ఇప్పుడు వింటున్నదీ మరిడమ్మే. ఆవిడ కాసులమ్మను ఒక్క తోపు తోసింది. నీళ్ళు పోసింది. మళ్ళీ పోసింది. అంబులెన్సు జాడ లేదు. మిషన్ లేదు, కూత లేదు, లోపల ఏం జరుగుతోందో చెప్పే నాథుడు లేడు. వాడి ఛాతీ కదులుతోందో లేదో అని కళ్ళప్పగించి చూడడమే నా పనైంది.

చివరికి అయ్యప్ప పెదవులు కదిపాడు.

“అమ్మా... సలేత్తంది.”

“ఎయ్యనీ నాయినా,” అంది మరిడమ్మ. “మీ నాన్నకి సలెయ్యనియ్యలేదురా నేను.”

ఇంకో బిందె అందించమని నాకేసి చెయ్యి చాచింది.