సింహాచలం గారూ, టీవీలో డాక్టరూ

మనవరాలు టీవీలో ఏదో అంతరిక్ష సీరియల్ పెట్టుకుంది. అందులో డాక్టరు అరచేతిలో పట్టే పెట్టెను రోగి మీదుగా ఆడించగానే అది సన్నగా కూసింది. ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టేశాను. అలాంటి కూతే నలభై ఏళ్ల కిందట, ఈ కొండల్లోని డొంకరాయి కరెంటు ప్రాజెక్టు కాలనీ క్లబ్బులో, సింహాచలం గారి పక్కన కూర్చుని విన్నాను.

ఆయన మా ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసేవారు. విజయనగరం వైపు మనిషి. నేను అప్పుడే చేరిన నర్సుని, ఈ కొండల్లో పుట్టినదాన్నే. వానాకాలంలో జ్వరాలు మొదలైతే ఆయన బల్ల మీద స్లైడులు గుట్టపడేవి. మైక్రోస్కోపు మీద వంగి వంగి ఆయన మెడ ఒక పక్కకు వాలిపోయింది. ఆదివారం పొద్దున మాత్రం క్లబ్బుకు వచ్చేవారు. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ గురించి ఒక విదేశీ సీరియల్ వచ్చేది. ఆ ఓడలో డాక్టరు సూది లేకుండా మందెక్కించేవాడు, విరిగిన ఎముకను క్షణంలో అతికించేవాడు. ఇంజనీర్లు నవ్వేవారు. సింహాచలం గారు నవ్వకుండా ఒక్కోదాన్నీ బేరీజు వేసేవారు. సూది లేని మందు రావచ్చు. ఎముక మాత్రం ఎంతటి వాడు చెప్పినా అంత తొందరగా అతకదు. మరి మీద ఆడించగానే కూసి జబ్బు చెప్పే ఆ పెట్టె సంగతేమిటని అడిగాను.

"ఎందుకు రాదమ్మా? ఒక్క నెత్తురు సుక్కతో నిమిషంలో సెప్పేస్తాది. మనం సూస్తామో లేదో గానీ, వొస్తాది."

ఆ ఏడు శ్రావణంలో పై ఊరి నుంచి ఒకామె జ్వరంతో నడిచి వచ్చింది. ఆయన స్లైడు చూసి మలేరియా లేదని రాశారు. డాక్టరు గారు మామూలు జ్వరం మందులిచ్చి పంపారు. మూడో రోజు ఆమెను డోలీలో మోసుకొచ్చారు. అప్పటికే తెలివి లేదు. మధ్యాహ్నం కాకముందే పోయింది.

సింహాచలం గారు ఆ పాత స్లైడును వెతికి తీసి, తలుపు దగ్గరకు వేసుకుని కూర్చున్నారు. చాలాసేపటికి నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు నుంచి లేచారు. ఒక మూలన, సన్నటి ఉంగరంలా, మలేరియా క్రిమి ఉంది. ఒక్కటే. ఆ రోజుల్లో స్లైడులు కడిగి మళ్లీ వాడేవాళ్లం. దాన్నీ కడిగేస్తే ఎవరికీ తెలిసేది కాదు. డాక్టరు గారు కూడా, ఇప్పుడు చెప్పి ఏం లాభం, గొడవలవుతాయి, వదిలేయమన్నారు.

మర్నాడు ఆయన నన్ను తోడు తీసుకుని ఆ ఊరు ఎక్కారు. మా కొండభాష ఆయనకు అర్థమయ్యేది గానీ మాట్లాడటం రాదు. ఆమె మొగుడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయన చెప్పమన్నది నాకు నోట రాలేదు. నెత్తురు చూసే మిషనులో క్రిమి కనబడలేదని చెప్పాను.

సింహాచలం గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "అలా కాదమ్మా. మిషనులో ఉంది. నేనే సూడలేదు. అలాగే సెప్పు."

చెప్పాను. అతను లేచాడు. లోపలికి వెళ్లి ఇద్దరికీ నీళ్లు తెచ్చి ఇచ్చాడు. దిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా సింహాచలం గారు ఏడుస్తూనే ఉన్నారు. నేను ముందు నడిచాను, చూడనట్టు.

నెలలు గడిచాక మళ్లీ క్లబ్బుకు వచ్చారు. టీవీలో డాక్టరు మళ్లీ ఎవరినో బతికించాడు. ఈసారి నేనేమీ అడగలేదు. ఆయనే నెమ్మదిగా అన్నారు: "ఆ పెట్టెను నమ్ముతానమ్మా. ఆ డాక్టరునే నమ్మలేను. ఇన్ని వారాలైంది, ఒక్కసారి కూడా తప్పు సూశానని అనలేదు."

ఆయన రిటైరై వెళ్లిపోయిన చాలా ఏళ్లకు, ఒక్క చుక్క నెత్తురుతో పావుగంటలో మలేరియా చెప్పే కిట్లు మా చేతికొచ్చాయి. అప్పటికి ఆయన లేరు. కిట్టులో మలేరియా లేదని వచ్చినా, జ్వరం తగ్గకపోతే రేపు మళ్లీ రమ్మని ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని. అయినా నా సర్వీసులో పొరపాట్లు జరిగాయి. మూడుసార్లు, మూడు ఇళ్లకు వెళ్లి, గుమ్మం ముందు నిలబడి, నేనే సరిగా చూడలేదని చెప్పాను. ఒక ఇంట్లో తిట్టారు. ఒక ఇంట్లో తలుపు వేసేశారు. మూడోసారికైనా ఆ దారి అలవాటవుతుందనుకున్నాను. కాలేదు.