అవ్వ ఎడమ రెక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ నొప్పికైనా ఒకటే పేరు ఉండేది, వాతం. ఆ పేరు మా అవ్వ వల్ల వచ్చింది. అవ్వ అంటే మా నాయిన తల్లి. ఆమె రెండు చేతుల వేళ్లూ కణుపుల దగ్గర ఉబ్బి, పక్కకు ఒరిగి ఉండేవి. తెల్లారేసరికి బిగుసుకుపోయేవి. వావిలాకు వేసి కాచిన నీళ్లలో వాటిని ముంచి, ఒక్కో వేలినీ మెల్లగా తెరవడం నా పని. ఆ పని ఇంకొకరు చేస్తే అవ్వ ఒప్పుకునేది కాదు, నేనూ ఒప్పుకునేదాన్ని కాదు.

మాది కురవికి దగ్గర్లోని పల్లె, వ్యవసాయ కుటుంబం. అవ్వంటే అందరికీ ప్రాణం. ఆ ప్రేమతోనే ఆమెను కదలనివ్వలేదు. నీళ్లచెంబు కోసం లేచినా "నువ్వు కూసో అత్తమ్మా" అంటూ అమ్మ ఉరికొచ్చేది. ఒకప్పుడు రోజూ చేనంతా తిరిగొచ్చిన మనిషి మంచం మీదే పొద్దు గడపడం మొదలుపెట్టింది. నొప్పి ఎక్కువైతే నాయిన దుకాణంలో నుంచి గోళీలు తెచ్చేవాడు, అవ్వ వాటిని చాయ్‌తో మింగేది. నాలుగడుగులకే ఆయాసం వచ్చినా వాతమే అనుకున్నాం. మేమేమీ తెలివితక్కువ వాళ్లం కాదు, మాకు తెలిసిన పేరు అదొక్కటే.

శివరాత్రికి కురవిలో జాతర. ఆ ఏడు నాకు పదేళ్లు. పండుగ రోజు పొద్దున బండి కట్టారు, పెద్దమ్మ ఒక్కతే అవ్వకు తోడుగా ఇంట్లో ఉంటానంది. నేను కొత్త లంగా కట్టుకుని, రిబ్బన్లు వేసుకుని, వేళ్ల పని తొందరగా ముగించేద్దామని అవ్వ దగ్గరికి వెళ్లాను. అవ్వ వేళ్లు చాపలేదు.

"వేళ్లు గాదు బిడ్డా, గీ ఎడమ రెక్క రుద్దు," అంది. భుజం నుంచి మోచేతి దాకా రుద్దాను. "దవుడ గూడ గుంజుతాంది," అంది. దవడ కింద చెయ్యి పెడితే మెడంతా తడి. బయట ఇంకా చలిగానే ఉంది, ఆ చెమట కూడా చల్లగానే ఉంది. నాకు ఎందుకో భయం వేసింది. "నాయినను పిలవాల్నా అవ్వా?" అన్నాను.

"ఎందుకే? వాతమే. గది నాకు కొత్తనా? బండి పోతది, ఉరుకు."

వాకిట్లో నుంచి నన్ను పిలుస్తున్నారు. నేను ఉరికాను. జాతరలో గాజులు వేయించుకున్నాను, రంగులరాట్నం రెండుసార్లు ఎక్కాను. ఆ సంతోషం అంతా ఇప్పటికీ గుర్తుండటమే నాకు కష్టంగా ఉంటుంది.

పొద్దుగూకుతుండగా తిరిగి వచ్చేసరికి మా ఇంటి ముందు జనం ఉన్నారు. అవ్వ మధ్యాహ్నానికే పోయింది. "వాతం పైకెక్కింది" అని పెద్దమ్మ ఏడుస్తోంది, వచ్చినవాళ్లందరూ అదే మాట అంటున్నారు. పొద్దున నేను చూసింది ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కానీ ఆ తడి నా చేతిని వదల్లేదు. అన్నం కలపబోతే తగిలేది, పలక పట్టుకుంటే తగిలేది. దినాలు అయిపోయాక కూడా రోజూ బూడిదతో అరచెయ్యి తోముకునేదాన్ని.

పక్కింటి అక్క డోర్నకల్‌లో నర్సు, సెలవు దొరికినప్పుడే ఊరికి వచ్చేది. ఆమె ఒకనాడు నీళ్ల గోలెం దగ్గర నా చెయ్యి పట్టుకుంది. తోలు లేచిపోయేట్టు ఎందుకు తోముతున్నావని అడిగితే మొత్తం చెప్పేశాను. అక్క నా అరచేతి మీది బూడిద కడిగింది. తర్వాత, "చెప్తే నీకు బరువైతది, చెప్పకుంటే రేపు ఇంకొకలకు అక్కరకు రాదు," అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ అవ్వ వాతం రెండు చేతులకు ఉండె గదా. ఒక్క రెక్కే గుంజుడు, దవుడ గుంజుడు, సలికాలంల చెమటలు వట్టుడు, గది వాతం గాదు బిడ్డా, గుండె. వాతమున్నోళ్లను గుండె ఎట్లున్నదని ఎవ్వలూ అడగరు. ఏ నొప్పొచ్చినా దాని మీదికే నూకుతరు." నా తప్పేమీ లేదని కూడా అంది. మొదటి మాట నమ్మాను, రెండో మాట నమ్మలేకపోయాను.

నలభై దాటాక నా వేళ్లూ ఒరగడం మొదలైంది. మానుకోటలో డాక్టరు గారు చూసి, ఈ వాపు కీళ్లలోనే ఆగదమ్మా, రక్తనాళాలనూ పట్టుకుంటుంది, కాబట్టి గుండెను కూడా కనిపెట్టుకుని ఉండాలి అన్నారు. ఆయన కొత్త సంగతి చెప్పినట్టే చెప్పారు, నాకు మాత్రం మళ్లీ గోలెం పక్కన అక్క దగ్గర కూర్చున్నట్టే అనిపించింది. అప్పటి నుంచి వాపు మందు ఒక్క పూట కూడా మానలేదు. బీపీ, షుగరు, రక్తంలో కొవ్వు చూపించుకుంటాను. నొప్పి గోళీలు సొంతంగా కొని మింగను, అవి కూడా గుండెకు చెరుపేనట. మోకాళ్లు తిట్టుకుంటున్నా పొద్దున్నే నడుస్తాను. ఉప్పు తగ్గించాను. పచ్చడి జాడీ మూత తీసే బలం నా వేళ్లకు ఎలాగూ లేదు, అదీ ఒకందుకు మేలే అయింది. ఎవరైనా ప్రేమగా "నువ్వు కూసో" అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మా వాడలో కీళ్లనొప్పులున్న ఆడవాళ్లు నన్ను చూసి నవ్వుతారు. ఎదురుపడితే చాలు, ఆయాసం ఉందా, ఛాతీ పట్టేసిందా, కొత్త నొప్పేమైనా ఉందా అని అడుగుతాను కదా! నవ్వనీ. కిందటేడు అలా అడిగితేనే ఒకామె నవ్వడం ఆపేసి దవాఖానకు బయల్దేరింది, ఇవాళ మార్కెట్లో కూరగాయలు బేరమాడుతోంది.

ఒక్కటి మాత్రం నేను ఎవరినీ అడగలేను. ఆ పొద్దున అవ్వ నిజంగానే వాతమనుకుందా, నన్ను పంపడానికి అబద్ధమాడిందా? ఆమె మనసు నాకు తెలియదు. నా మనసు తెలుసు. అది రోజూ ఉండే నొప్పి కాదని నా చేతికి తెలిసింది. అయినా ఆమె మాట నమ్మాను, నమ్మితేనే జాతరకు పోవచ్చు కనుక.