కదలని పలక వెనక

“బావా, నీకు చెవుడా, లేక మా అందరినీ వెధవల్ని చేస్తున్నావా?”

నార్సిస్ ఈ మాట అడిగాడు జనవరిలో, రెయిన్‌డీర్ సరస్సు నడిమధ్య, తన పనివాళ్లందరి ఎదుట. అడిగించుకున్నవాడు అంబ్రోజ్ మెరాస్తి, నార్సిస్ చెల్లెలి మొగుడు. అందరూ నవ్వారు. అంబ్రోజ్ కూడా నవ్వాడు, అరక్షణం ఆలస్యంగా. ఎదుటివాళ్ల నోళ్లు తెరుచుకోవడం చూశాక నవ్వాడు. ప్రశ్నకు అంతకన్నా జవాబు ఎవరికీ అక్కర్లేకపోయింది.

మా ఊళ్లో చెల్లెలి మొగుడు, భార్య అన్న ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఆ ఇద్దరి మధ్య ఎంత మాటైనా చెల్లుతుంది. పెళ్లాం గురించి, పళ్ల గురించి, పిరికితనం గురించి, ఏదైనా అనొచ్చు. ఉడుక్కున్నవాడు ఓడినట్టు. ఇది మా ఆత్మీయతకు గుర్తని పెద్దలు చెబుతారు. కావచ్చు. పగ తీర్చుకోవడానికి ఇంత వాటమైన ఏర్పాటు నేను మరెక్కడా చూడలేదు.

అంబ్రోజ్ పని వినడం. నడిచలికాలంలో సరస్సు గడ్డకట్టిన మందం మనిషి నడుము దాకా ఉంటుంది, దాని మీద మోకాలి లోతు మంచు. ఆ గడ్డ కింద వల పరవాలంటే ముందు ఒక కన్నం తవ్వి, మనిషికన్నా పొడవైన చెక్క పలకను అందులోకి తోస్తారు. పలక తేలి గడ్డ అడుగుకు ఆనుకుంటుంది. పైనుంచి తాడు లాగి వదిలినప్పుడల్లా పలకకున్న ఇనప చెయ్యి గడ్డను తన్ని, పలకను కాస్త ముందుకు తోస్తుంది. తన్నినప్పుడల్లా టక్కుమని చిన్న చప్పుడు. వినేవాడు ఆ చప్పుడు వెంట పైన నడుస్తాడు. తాడు అయిపోయి చప్పుడు ఆగిన చోట కర్ర నాటుతాడు. అక్కడ రెండో కన్నం తవ్వి, పలకను పైకి తీసి, మొదటి కన్నం దగ్గర తాడుకు వల కట్టి ఇవతలికి లాగుతారు. కర్ర రెండు బారలు తప్పితే తవ్విన కన్నం దండగ, మళ్లీ తవ్వాలి. అందుకే వినేవాడికి పూర్తి వాటా, గునపం పట్టేవాళ్లకు సగం.

అంబ్రోజ్ చెవుల గురించి మా ఊళ్లో చెప్పే కథలు చాలావరకు అబద్ధాలు. అడుగున ట్రౌట్ చేప ఆవులించినా వినేవాడని ఒకటి, తెల్ల చేపల గుంపు ఏ దిక్కుకు తిరిగిందో చెప్పేవాడని ఇంకొకటి. నిజం ఏమిటంటే చాలా ఏళ్లు అతని కర్ర తప్పలేదు. ఆ తర్వాత చెవులు పోయాయి. పోగొట్టింది నార్సిస్ మోటారు మంచుబండే. దాని పొగగొట్టం విరిగిపోయి, బండి తుపాకుల దండులా మోగేది. తోలేది అంబ్రోజ్. గొట్టం మార్చమని అడిగినప్పుడల్లా నార్సిస్, “వచ్చే ఏడు చూద్దాంలే బావా, నీ గురక కన్నా నయమే కదా,” అనేవాడు. మూడు చలికాలాలు అలా గడిచాక అంబ్రోజ్‌కు గురకే కాదు, పలకా వినిపించడం మానేసింది.

చెబితే గునపం చేతికొస్తుంది. అందుకని చెప్పలేదు. భార్య ఫిలోమెన్‌కు మాత్రం చెప్పాడు.

ఆ ఏడు నుంచి ఫిలోమెన్ టీ కెటిల్ పట్టుకుని భర్త వెంట సరస్సు మీద నడవడం మొదలుపెట్టింది. ఆమె ఆగినచోట అతను ఆగేవాడు. ఆమె పాదం తిరిగిన వైపు అతను తిరిగేవాడు. ఆమె కెటిల్ కింద పెడితే అతను కర్ర నాటేవాడు. నాలుగు చలికాలాలు ఇలా నడిచింది. చర్చిలో ఫాదర్ పెళ్లి జంటలకు వీళ్లనే ఉదాహరణగా చూపేవాడు. మా వాళ్లకూ కళ్లు చెమర్చేవి. మూడో ఏట ఆమెకు దగ్గు పట్టుకుంది. నాలుగో ఏట మంచు మీద నెత్తుటి చుక్కలు పడితే బూటుతో మంచు తోసి కప్పేది. అంబ్రోజ్ చెవులే పోయాయి, కళ్లు పోలేదు.

ఒక పొద్దున ఆమె పొయ్యి దగ్గర, పెదాలు అతనికి కనిపించేలా నిలబడి, “ఇవాళ నావల్ల కాదేమో,” అంది.

“తాడు ఆగేదాకా నడువు చాలు. తర్వాత బండిలో కూర్చుందువు.”

“నీ చెవులూ నేనే మొయ్యాలి, నీ కెటిలూ నేనే మొయ్యాలి.”

“కెటిల్ నేను మోస్తాలే.”

ఆమె నవ్వి, దగ్గి, చేతి తొడుగులు వేసుకుంది. కెటిల్ అతను మోశాడు. ఆ రోజూ నడిచింది.

క్రిస్మస్ అయిన మర్నాడు నర్సమ్మ ఆమెను విమానం ఎక్కించి దక్షిణాన పట్నంలోని క్షయ ఆస్పత్రికి పంపింది. అంబ్రోజ్‌ను ఎక్కనివ్వలేదు. ఇక మిగిలిన దారి చేపల విమానం. సరుకు తీసుకెళ్లే పైలట్ డబ్బిస్తే చేపల పెట్టెల మీద ఒక మనిషిని కూర్చోనిస్తాడు. సీజన్ ముగిసేదాకా పూర్తి వాటా వస్తే వెళ్లి రావడానికి సరిపోతుంది. సగం వాటా వస్తే పిండికి, కిరోసిన్‌కు సరిపోతుంది. అంబ్రోజ్ లెక్క అంతే. ఫిలోమెన్‌ను ఒకసారి చూడాలి, అందుకు చెవులున్నట్టు నటించాలి.

గునపం మొన గడ్డకు ఆనించి, పిడి పళ్ల మధ్య కరిచిపట్టేవాడు. పలక తన్నితే దవడకు తెలిసేది. మంచు తక్కువున్న చోట ఇది పనిచేసింది. మంచు కింద నీరు ఊరిన చోట ఏమీ తెలిసేది కాదు. ఒక్కో వలకు రెండు కన్నాలు, మూడు కన్నాలు పడ్డాయి. అడుగున ప్రవాహం మారిందన్నాడు. తాడు పాతబడిందన్నాడు. గునపం పట్టేవాళ్లు గొణిగారు. నార్సిస్ గొణగలేదు, చూశాడు. తన చెల్లెలు ఎప్పుడూ మొగుడికన్నా ముందు ఆగేదన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. మిగతాది ఊహించుకోవడానికి ఎంతసేపు? చలిలో నడిపించి ఆమె ఊపిరితిత్తులు పాడుచేశాడని తేల్చుకున్నాడు. క్షయ చలివల్ల రాదని నర్సమ్మ ఊరంతటికీ చెప్పింది. ఊరంతా తలూపి, నార్సిస్ చెప్పిందే నమ్మింది.

ఇక ఆ రోజు. తాడు లాగుతున్నది మోయిస్, నార్సిస్ దగ్గర జీతానికున్న కుర్రకారులో పెద్దవాడు. అతను నాకు చెప్పిన మాట ఇది: “నార్సిస్ చెయ్యెత్తి ఆపమన్నాడు. ఆపాను. ఏదో సరసమనుకున్నా.”

తాడు ఆగింది. పలక ఆగింది. అంబ్రోజ్ ఆగలేదు. తల ఒక పక్కకు వంచి, అప్పుడప్పుడు నిలబడి, పళ్లతో పిడి కరిచి, సరేనన్నట్టు తలాడించి, మళ్లీ నడిచాడు. తాడు లాగే వేగం అతని కాళ్లకు అలవాటే, అదే వేగంతో నడిచాడు. కదలని పలక వెంట ఒక మనిషి తెల్లటి సరస్సు మీద చిన్నగా అయిపోతుంటే వెనక అందరూ చూస్తూ నిలబడ్డారు. తాడు ఎక్కడ అయిపోవాలో సరిగ్గా అక్కడ ఆగాడు. కర్ర నాటాడు. వెనక్కి తిరిగి, చెయ్యి ఊపాడు.

అందరూ అతని దగ్గరికి నడిచి వెళ్లారు. అప్పుడు నార్సిస్ ఆ ప్రశ్న అడిగాడు. నవ్వులయ్యాక నోరు పెద్దగా తెరిచి, వేలితో కర్రను చూపించాడు.

“పలక ఇక్కడే ఉందంటావ్?”

“ఇక్కడే. తవ్వించు.”

“నువ్వే తవ్వు బావా. నీ చెవి, నీ కన్నం.”

అంబ్రోజ్ తవ్వాడు. మిగతావాళ్లు బండి పక్కన కూర్చుని బానక్ రొట్టె నమిలారు, టీ తాగారు.

“కింద ట్రౌట్లన్నీ నిన్ను చూసి నవ్వుతున్నాయంట బావా, వినబడుతోందా?” అన్నాడు నార్సిస్.

“అరవకు, పలక జడుసుకుని పారిపోద్ది,” అన్నాడు పనివాళ్లలో ఒకడు.

“పారిపోడానికి అది ఇటొస్తే కదా!”

మోయిస్ ఒకసారి లేచాడు. “కూర్చో. బావా బావా ఆడుకుంటుంటే నీకేం పని?” అన్నాడు నార్సిస్. మోయిస్ కూర్చున్నాడు.

నీరు పైకి ఉబికింది. అంబ్రోజ్ కొక్కెంతో వెతికాడు. బోర్లా పడుకుని, చొక్కా చెయ్యి పైకి లాగి, భుజం దాకా నీళ్లలో పెట్టి తడిమాడు. లేచి, మొదటి కన్నం వైపు చూశాడు. విప్పని తాడు చుట్ట అక్కడే పడుంది. చేతి మీద నీరు గడ్డకడుతోంది. అప్పుడతను చెయ్యగలిగింది ఒక్కటే, అదే చేశాడు. నవ్వాడు.

ఈసారి నార్సిస్ నవ్వలేదు. అతని కోటు కాలరు పట్టుకుని, పెదాలు కనిపించేలా మొహం దగ్గరికి తెచ్చాడు.

“నా చెల్లెలు దగ్గుతూ నడిచింది. నీకు తెలుసు.”

“తెలుసు.”

“నెత్తురు కక్కుతూ నడిచింది.”

“తెలుసు.”

“ఇవాళ్టి నుంచి గునపం పట్టు. సగం వాటా. దాన్ని విమానం ఎక్కించిన రోజు నుంచీ సగమే.”

“ఆ డబ్బు దాని దగ్గరికి పోవడానికి బావా.”

“నేను పోతాలే. నాకు వినబడుతుంది.”

వినే పని మోయిస్‌కు ఇచ్చాడు. మోయిస్ వాటా పెరిగింది.

ఫిబ్రవరిలో నార్సిస్ చేపల పెట్టెల మీద కూర్చుని వెళ్లాడు, చెల్లెల్ని చూసి వచ్చాడు. అతను విమానం దిగగానే అంబ్రోజ్ గునపం పారేసి పరుగెత్తుకొచ్చాడు. “ఏమంది బావా?” నార్సిస్ అతనికి వీపు తిప్పాడు. సరస్సు వైపు చూస్తూ, తాపీగా, ఆమె చెప్పిందంతా చెప్పాడు. అంబ్రోజ్ చుట్టూ తిరిగి మొహం ముందుకు వచ్చేసరికి నార్సిస్ నోరు మూసుకున్నాడు.

పక్కనే పెట్టెలు దించుతున్న మోయిస్ విన్నాడు. “ఒక్కసారి రమ్మను అందట. అంతే అంది.”

“మరి నువ్వు చెప్పలేదా?” అని అడిగాను.

“ఎలా చెప్పను? అరిచి చెప్పాలి కదా. అరిస్తే నార్సిస్ వింటాడు.”

మార్చిలో ఫిలోమెన్ పోయింది. ఆస్పత్రి వెనక శ్మశానంలోనే పూడ్చారు. శవాన్ని తెప్పించుకునే డబ్బు అంబ్రోజ్ దగ్గర లేదు, తెప్పించే మనసు నార్సిస్‌కు లేదు. ఫాదర్ క్షమ గురించి చక్కని ప్రసంగం చేశాడు. అంబ్రోజ్ ముందు వరసలో కూర్చుని, ఫాదర్ పెదాలు గడ్డంలో కనిపించక, చివరిదాకా తలాడించాడు.

మా హాస్యమే మమ్మల్ని బతికించిందని ఈమధ్య చదువుకున్న మా వాళ్లు సభల్లో చెబుతున్నారు. చెప్పుకోనివ్వండి. అంబ్రోజ్ మరో ఆరు చలికాలాలు నార్సిస్ దగ్గరే గునపం పట్టాడు. అతన్ని నార్సిస్ చివరిదాకా బావా అనే పిలిచాడు. ఆ పిలుపు అతనికి వినబడలేదు. ఏడో చలికాలానికి ముందే నిమోనియా వచ్చి పోయాడు.

క్రిస్మస్ మర్నాటి నుంచి కర్ర నాటిన ఆ రోజు దాకా అంబ్రోజ్ చేసింది వినేవాడి పని, అందిన కూలి గునపం కూలి. రెంటికీ తేడా నూట పదకొండు డాలర్లు. నార్సిస్ ఇంకా బతికే ఉన్నాడు. ఆ డబ్బు ఇప్పటిదాకా ఎవరికీ ఇవ్వలేదు.