గంధం కింద మోడల్

ఆయుధపూజకు మా తిరుపతి ఆఫీసులో కంప్యూటర్లకు గంధం పూసి బొట్టు పెడతాం. సర్వరుకు పెట్టేది నేనే. అదీ సరిగ్గా ప్రాసెసరు మోడల్ ఉన్న స్టిక్కరు మీదే, నున్నటి చోటు అదొక్కటే కాబట్టి. ఏటా గంధం మీద గంధం పేరుకుని అక్షరాలు కనబడకుండా పోయాయి. స్టాకు లిస్టు అడిగినప్పుడల్లా నిరుటి కాగితం చూసి దించేసి సంతకం పెట్టేవాణ్ణి.

ఈసారి హెడ్డాఫీసు వాళ్లు మోడల్‌తో పాటు స్టెప్పింగ్ కూడా రాయమన్నారు. ఆ మోడల్‌ను కంపెనీ ఎన్నోసారి సవరించిందో చెప్పే అంకె అది. స్టిక్కరు మీద ఉండదు. కిటికీ లేని సర్వరు గదిలో కూర్చుని, లీనక్స్‌లో ప్రాసెసరు వివరాలు చూపే ఎల్‌ఎస్‌సీపీయూ కమాండు కొట్టాను. స్టెప్పింగ్ వచ్చింది. దాని పైన మోడల్ పేరూ వచ్చింది. ఏడేళ్లుగా నేను రాస్తున్నది అది కాదు. యంత్రంలో ఉన్నది నేను రాస్తున్నదానికంటే పాతది.

తడిగుడ్డతో గంధం తుడిచాను. స్టిక్కరూ అదే చెప్పింది. ఆర్డరిచ్చింది కొత్తది, వచ్చింది పాతది; మొదటి ఏడాది నేను యంత్రాన్ని చూడకుండా ఆర్డరు కాగితం చూసి రాశాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

మేనేజరును పిలిచి చూపించాను.

"నిజం రాస్తే ఇన్నేండ్లు ఏం సూసి సంతకం పెట్టినావంటారు. ముందు రాసిందే మళ్లా రాస్తే ఈ స్టెప్పింగ్ దానికి అతకదు. ఏం జేస్తావో నువ్వే సూసుకోప్పా," అని ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

లిస్టు అడుగున నా పేరు ముందే అచ్చయి ఉంది. దాని పైన, 'స్వయంగా చూసి రాసినవారు' అని.