మాక్లూరు నుంచి గడప లేని తెల్ల ఇంటి దాకా

ఇల్లు లోపల ఎట్లా ఉండాలో ఇప్పటివరకు నలుగురికి చెప్పాను. ముగ్గురు అడిగితే చెప్పాను, ఒకరికి అడగకముందే చెప్పాను. ఆ నలుగురిలో ఒకరి ఇంట్లో నా మాట వల్ల ఏం జరిగిందో పోయిన శుక్ర, శనివారాల్లో నా కళ్లతో చూశాను. మిగతా ముగ్గురూ, కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లూ చదవాలని ఇది రాస్తున్నాను. ఎవరైనా వెళ్లి చూడాలనుకుంటే పనికొస్తాయని దారి, వేళలు కూడా రాశాను.

నేను మాక్లూరులో కర్టెన్లు, సోఫా కవర్లు కుడతాను. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా నిజామాబాద్ గ్రంథాలయంలోనే. రెండేళ్ల కింద అక్కడ ఇంటి అలంకరణ మీద ఒక పెద్ద ఇంగ్లిషు పుస్తకం కనిపించింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని పదకొండు రోజులు కూర్చుని, ఏ శైలికి ఏది గుర్తో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మా వైపు కుట్టుపని చేసేవాళ్లలో ఆర్ట్ డెకో అంటే ఏమిటో చెప్పగలిగేది నేనొక్కదాన్నే అనుకుంటాను.

లక్ష్మి నాతోపాటు టైలరింగ్ నేర్చుకున్న స్నేహితురాలు. రెంజల్ దాటాక ఒక పల్లెలో ఉంటుంది. వాళ్లు వరి, పసుపు పండిస్తారు. నిరుడు పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టేటప్పుడు ఏ శైలి బాగుంటుందని అడిగితే, మినిమలిజం అని చెప్పాను. తెల్ల గోడలు, తెల్ల నేల, గోడలో కలిసిపోయే తలుపులు, పిడులు బయటికి కనిపించని అల్మారాలు, ఇంట్లో వస్తువులు తక్కువ. గృహప్రవేశానికి ఒక పెళ్లివారి కుట్టుపని అడ్డుపడి వెళ్లలేకపోయాను. గురువారం సాయంత్రం ఫోన్ చేసి కర్టెన్ల కొలతలకు రమ్మంది. ఆ మాటల్లోనే వాళ్ల అత్తమ్మ గంగవ్వకు మతి తప్పిందని చెప్పింది. సొంత ఇంట్లో దారి తెలియడం లేదట. ఆదివారం ఆడబిడ్డ ధర్మాబాద్ నుంచి వచ్చి తీసుకుపోతుందట, ఇక అక్కడే ఉంచుకుంటుందట.

గంగవ్వ నేను ఎప్పుడు పోయినా కొత్త పసుపు కొమ్ములు నా కొంగున ముడివేసి పంపే మనిషి. వెళ్లిపోయేలోపు ఒకసారి చూడాలని మర్నాడే బయలుదేరాను.

శుక్రవారం ఉదయం ఏడూ ఇరవైకి మాక్లూరులో బస్సు ఎక్కాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు మర్చిపోకండి, చూపిస్తే డబ్బు తీసుకోకుండా జీరో టికెట్టు ఇస్తారు. ఎనిమిదికి నిజామాబాద్‌లో దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, చాయ్ తాగి, గ్రంథాలయానికి నడిచాను. లక్ష్మికి కర్టెన్ల బొమ్మలు చూపించడానికి ఆ పుస్తకమే మళ్లీ కావాలి. అటెండరు నర్సింలు అన్న బీరువా తాళం తీస్తూ, "మల్ల గదేనా? గీ పుస్తకాన్ని నీ పేరు మీద పట్టా చేపిస్తే నాకు బరువు తగ్గుతది" అన్నాడు.

పదింటికి టైల్స్ దుకాణం తెరిచారు. పై అంతస్తులో ఒక్కో శైలికి ఒక్కో నమూనా గది కట్టి పెట్టారు, చూడటానికి ఎవరినైనా రానిస్తారు. మొదటిది ఇండస్ట్రియల్. గోడకు ప్లాస్టరింగ్ ఉండదు, ఇటుకలు కనిపిస్తాయి, పైపులు దాచరు, నల్ల ఇనుప బల్లలు, వేలాడే బల్బులు. అక్కడ టైల్స్ చూడటానికి వచ్చిన ఒక రైతు ఆ గోడను చాలాసేపు చేత్తో తడిమి చూశాడు. "మా ఇల్లు పదేండ్ల సంది గిదే డిజైన్ల ఉన్నది. గీ ముచ్చట ముందుగాల తెలిస్తే బామ్మర్దుల ముంగట ఇజ్జత్ దక్కేది" అన్నాడు. ఆయన భార్య నవ్వు ఆపుకోలేక పక్క గదిలోకి వెళ్లింది.

పక్క గది బొహీమియన్. రంగురంగుల దుప్పట్లు, చాపలు, అద్దాల కుట్టు. మన లంబాడీ తండాల్లో పెద్దమ్మలు కుట్టే పనే అది. ఇక్కడ చట్రం కట్టి గోడకు ఎక్కించారు. దానికి ఎదురుగా స్కాండినేవియన్. తెల్ల గోడ, లేత రంగు చెక్క, ఎక్కువ వెలుగు. మంచు దేశాల్లో ఎండ తక్కువ కాబట్టి ఉన్న వెలుగును ఇంట్లో నిలుపుకోవడానికి పుట్టిన పద్ధతి అది. ఈ సంగతి నాకు బాగా తెలుసు, నోట్‌బుక్‌లో ఉంది. ఆ రోజు మాత్రం ఆ వాక్యాన్ని తేలిగ్గా దాటిపోయాను.

చివరిది మినిమలిస్ట్ గది. నేను చెప్పిన శైలి కదా అని ధైర్యంగా అడుగు వేశాను. కాలి కింద నేల లేదు. తెల్ల నేలలో ఒక తెల్ల మెట్టు కిందికి ఉంది, అది నాకు కనిపించలేదు. మోకాలు మీద పడ్డాను, పుస్తకం సంచి అటు జారిపోయింది. సేల్స్‌మన్ ఇమ్రాన్ పరుగున వచ్చి లేపాడు. "రోజుకు ఒక్కలన్న పడ్తరక్కా. ఎర్ర టేపు ఏస్త అంటే డిజైన్ ఖరాబ్ అయితదని సార్ ఒద్దంటడు" అన్నాడు. నాకు సిగ్గేసింది. తప్పు నా కొత్త కళ్లజోడుదే అనుకున్నాను.

పదకొండూ నలభైకి బోధన్ బస్సు. పసుపు దిగుబడి రోజులు కాబట్టి మార్కెట్ వైపు పోయే ట్రాక్టర్లతో దారంతా నెమ్మది. నా పక్కన కూర్చున్నామె పసుపు కొమ్ములు ఏరే పనికి పోయి తిరిగి ఎడపల్లికి పోతోంది. అరచేతులు గోళ్ల దాకా పచ్చగా ఉన్నాయి. సబ్బుకు పోదా అని అడిగాను. "నెల రోజులు రుద్దినా పోదు. తెల్లగైనయంటే పని దొరకలేదనే లెక్క" అంది.

పావుతక్కువ ఒంటిగంటకు బోధన్. బస్టాండు పక్క హోటల్లో అన్నం, పప్పుచారు. అక్కడి నుంచి షేర్ ఆటోలో రెంజల్ మీదుగా పల్లెకు చేరేసరికి రెండయింది. మధ్యాహ్నం పూట బస్సు కోసం ఎదురుచూడకండి, ఆటోనే నయం.

లక్ష్మి తలుపు తీయగానే నిలబడిపోయాను. పుస్తకంలోని బొమ్మ లేచి వచ్చి వరి పొలాల మధ్య నిలబడినట్టుంది. హాలు, గదులు, వంటిల్లు అంతా ఒకే తెల్ల రాయి. ఎక్కడా గడప లేదు. నేల ఎక్కడా తెగకూడదని రాసిచ్చింది నేనే. గర్వంగా అనిపించింది, అది దాచను. గంగవ్వ ఏదని అడిగాను. వెనక కొట్టంలో ఉంది, అక్కడే పడుకుంటోంది అని లక్ష్మి తలుపు వైపు చూస్తూ చెప్పింది.

తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. కొత్త ఇంట్లోకి వచ్చి ఆరు నెలలు. అవ్వ గోడలకు తగులుతుంది, హాలు నడుమ అరగంట నిలబడుతుంది. ఒకసారి బాత్‌రూమ్ అనుకుని వంటింటి మూలన ఒంటేలు పోసింది. ఆ రోజు నుంచి "ఇది నా ఇల్లు కాదు, నన్ను నా ఇంటికి తోలియ్యిన్రి" అంటోంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోది మసక, ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాడు. కానీ ఆ మసక కన్నుతోనే పాత ఇల్లంతా ఒంటరిగా తిరిగేది, దీపం పెట్టేది. కన్ను మారలేదు కాబట్టి మారింది మతే అని ఇంట్లోవాళ్లు తేల్చుకున్నారు.

కొట్టంలోకి వెళ్లాను. పసుపు బస్తాల పక్కన నులక మంచం మీద గంగవ్వ కూర్చుని ఉంది. నేను నోరు తెరవకముందే, "సువార్తవా బిడ్డా? నడక సప్పుడు మారింది, మోకాలు పట్టిందా?" అంది. మా బాపు దగ్గు తగ్గిందా అని అడిగింది, మా వాడి పరీక్షల గురించి అడిగింది. మతి తప్పిన మనిషి మాటలు కావవి. నాకు పసుపు కొమ్ములు ఇస్తానని లేచింది. కొట్టం లోపలి గదికి పాత ఇంటి దర్వాజనే గడపతో సహా బిగించారు. ఆ రోజు శుక్రవారం, గడపకు పసుపు రాసి ఉంది. పొద్దున తనే రాసిందట. గడప దగ్గరికి రాగానే అవ్వ కాలు సరిగ్గా అంత ఎత్తుకు లేచింది, దాటింది, గూట్లో చెయ్యి పెట్టింది, కొమ్ములు తీసుకుని తిరిగి వచ్చింది. ఎక్కడా తడుముకోలేదు.

లోపలికి ఎందుకు రావడం లేదని అడిగాను.

"లోపల ఏమున్నది బిడ్డా? పాలల్ల పడ్డ ఈగ లెక్క అయితున్న. ఏడ గోడనో, ఏడ దర్వాజనో. కాలికి కడప తాకదు."

నా మోకాలు అప్పుడు నొప్పి పెట్టింది. పొద్దున పడ్డప్పుడు కూడా అంత నొప్పి లేదు. ఇంట్లోకి వెళ్లి లక్ష్మిని కొబ్బరినూనె అడిగాను. నా కళ్లజోడు అద్దాలకు రెండు వైపులా నూనె పూసి పెట్టుకున్నాను. నన్ను రెండుసార్లు గుండ్రంగా తిప్పి వదిలెయ్యి, బాత్‌రూమ్ వెతుక్కుంటాను అన్నాను. లక్ష్మి నవ్వుతూ తిప్పింది. కిటికీల నుంచి మూడు గంటల ఎండ తెల్ల రాయి మీద పడి మంటలా కళ్లలోకి కొట్టింది. గోడ ఎక్కడ ఆగి నేల ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. తలుపనుకుని ఒక పలకను తోస్తే అల్మారా తెరుచుకుంది. గోడ పట్టుకుని పోతూ పోతూ మూల దగ్గర పట్టు తప్పి హాలు నడుమకు వచ్చేశాను. నాకు నలభై ఒకటి, మతి బాగానే ఉంది. అయినా నిలబడిపోయాను. అవ్వ నిలబడేది కూడా అక్కడేనని లక్ష్మి తర్వాత చెప్పింది. ఆమె నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

ఐదింటికి లక్ష్మి భర్త సాయిలు పొలం నుంచి వచ్చాడు. అవ్వ మతికి ఏమీ కాలేదని, ఇంట్లో దారి చెప్పే గుర్తులన్నీ మనమే తీసేశామని చెప్పాను. అతను హాలు నడుమకు వెళ్లి నాలుగు గోడలూ చూశాడు. తర్వాత, "నువ్వే గదక్కా పుస్తకం పట్కొచ్చి చెప్పినవ్" అన్నాడు.

"నేనే చెప్పిన సాయిలూ. తప్పు చెప్పిన" అన్నాను.

నా సంచిలో మెరూన్ రంగు కర్టెన్ నమూనా గుడ్డ ఉంది. దాన్ని నిలువు పట్టీలుగా కత్తిరించి బాత్‌రూమ్ తలుపుకు రెండు పక్కలా టేపుతో అంటించాను. నేల సంగతి ఏం చేయాలో తోచలేదు. లక్ష్మి వంటింట్లోకి పోయి గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చింది. బాత్‌రూమ్ ముందు గడప ఉండాల్సిన చోట కూర్చుని, తెల్ల రాయి మీద జానెడు వెడల్పున రాయడం మొదలుపెట్టింది.

"లక్ష్మీ, పసుపు తాకనియ్యొద్దన్నడు షాపోడు. అది మల్ల పోదు" అన్నాడు సాయిలు.

"పోవొద్దనే పెడ్తున్న. ఆరు నెలల సంది ఏ శుక్రారం కడపకు పసుపు పెట్టినం మనం?"

దీపాల వేళకు గంగవ్వను హాలులోకి తీసుకొచ్చి వదిలాము. ఏమీ చెప్పలేదు. అవ్వ ఎప్పటిలాగే నిలబడింది. తల వంచింది. పచ్చని గీత వైపు మెల్లగా నడిచింది, బొటనవేలు ముందుకు చాచి ఆగింది. తర్వాత అక్కడ గడపే ఉన్నట్టు కాలు ఎత్తుగా లేపి, ఏమీ లేని చోట దాన్ని దాటి, అవతల పెట్టింది. చెయ్యి మెరూన్ పట్టీని తాకింది. "గిది బాత్‌రూమే గదా" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

సాయిలు ఆ గీత వైపే చూస్తూ నిలబడ్డాడు. "ధర్మాబాద్ అక్కకు ఫోన్ చేస్త. ఆదివారం రమ్మంట. తోల్కపోనీకె కాదు, తిని పోనీకె" అన్నాడు.

ఆ రాత్రి వాళ్లింట్లోనే జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పడుకున్నాను. శనివారం పొద్దున లక్ష్మి, నేను మిగతా తలుపుల దగ్గర కూడా పసుపుతో గుర్తులు పెట్టాము. అవ్వ వంటింటి మూలకు మళ్లీ ఒకసారి భుజం కొట్టుకుంది, అక్కడ చెక్క పట్టీ బిగించాలని సాయిలుకు చెప్పాను. తలుపులకు ముదురు రంగు పిడులు పెట్టించమన్నాను. కర్టెన్ల కొలతలు తీశాను. తెల్లవి వద్దని ఇద్దరం ఒకేసారి అన్నాము.

బయలుదేరే ముందు గంగవ్వ దగ్గర కూర్చుని, ఈ ఇల్లు ఇట్లా ఉండాలని చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. ఏ పుస్తకం అని అడిగింది. తీసి ఒడిలో పెట్టాను. నున్నటి కాగితం మీద చెయ్యి పెట్టి ఒక మూల నుంచి ఇంకో మూలకు తడిమింది.

"గింత పెద్ద పుస్తకం రాసిండు. ఆయన ఇంట్ల అవ్వ లేదా బిడ్డా?"

పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను. అవ్వ పసుపు కొమ్ములు నా కొంగున ముడివేసింది.

పదింటికి ఆటో, పదకొండుకు బోధన్‌లో బస్సు. తిరుగు దారిలో కిటికీ పక్కన కూర్చుని నోట్‌బుక్ తెరిచాను. మంచు దేశాలకు ఎండ తక్కువ కాబట్టి తెలుపు అని నా చేతి రాతలోనే ఉంది. మనకు ఎండ తక్కువా? ఏ శైలికి ఏది గుర్తో రాసుకున్నాను గానీ, అది ఎవరి అవసరం కోసం పుట్టిందో ఒక్క పేజీలో తప్ప రాసుకోలేదు, ఆ ఒక్కటీ దాటిపోయాను. ఈ ప్రయాణంలో చూసినవాటిల్లో నాకు అన్నిటికంటే చక్కగా కట్టినట్టు అనిపించింది గంగవ్వ కొట్టంలోని పాత దర్వాజ. దాని శైలి పేరు నా పుస్తకంలో లేదు. మినిమలిజం పేజీ కింద అవ్వ అడిగిన ప్రశ్న రాసిపెట్టాను. రాసిన వేళ్లు పచ్చగానే ఉన్నాయి.

ఒంటిగంటన్నరకు మాక్లూరులో దిగి ఇంటికి పోలేదు. నేను చెప్పిన నాలుగిళ్లలో రెండోది మా వీధి చివరే. ఆ ఇంటి పెద్దాయన రాజన్న బాపుకు షుగర్‌తో చూపు తగ్గుతోంది, ఆయన గది ముందు తెల్ల మెట్టు ఉంది. మిగిలిన మెరూన్ గుడ్డ సంచిలోంచి తీస్తూ వాళ్ల తలుపు కొట్టాను.

ఈ దారిలో సాయపడినవాళ్లను ఇక్కడ చెప్పుకోవాలి. పుస్తకం బరువు మోసి, ఆలస్యమైనా అడగని నర్సింలు అన్నకు. నన్ను లేపి, నిజం చెప్పిన ఇమ్రాన్‌కు. పేరు అడగడం మర్చిపోయిన ఎడపల్లి అక్కకు. కోపం పెట్టుకోకుండా భోజనం పెట్టిన సాయిలుకు. రాయి పాడవుతుందని తెలిసీ పసుపు కలిపిన లక్ష్మికి. చివరగా గంగవ్వకు. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే విని ఊరుకునేదాన్ని, ఇంత పొడుగు రాసేదాన్ని కాదు.